ఇగ్లూకు ఆవల: ఉత్కియాగ్విక్‌లో ఇల్లు, వాతావరణం, నిత్యజీవితం

వ్యాససంగ్రహం

భాషాశాస్త్ర బోధనలో 'ఎస్కిమోల మంచు పదాలు' అనే ఉదాహరణ తరచుగా వినిపిస్తుంది. ఆ ఉదాహరణ వెనుక ఉన్న మనుషుల ఇల్లు, వాతావరణం, దినచర్య మాత్రం కనిపించవు. అలాస్కా ఉత్తరపు కొసన ఉన్న ఉత్కియాగ్విక్ అనే చిన్న పట్టణాన్ని ఆధారంగా తీసుకొని, అక్కడి ఇన్యుపియాక్ భాషలో గృహజీవితానికి సంబంధించిన కొన్ని పదాలను ఈ వ్యాసం వివరిస్తుంది. నేలలోని మంచు కరగడంవల్ల ఆ పదాలు సూచించే జీవితానికి ఏర్పడుతున్న చిక్కును చర్చిస్తుంది.

కీలక పదాలు: ఇన్యుపియాక్, ఇగ్లు, కనిచ్చాక్, సిగ్లువాక్, సముద్రపు మంచు, పెర్మాఫ్రాస్ట్

1. ఉపోద్ఘాతం

భాషకూ సంస్కృతికీ ఉన్న సంబంధాన్ని బోధించే సందర్భంలో 'ఎస్కిమోలకు మంచును తెలిపే పదాలు వందల్లో ఉన్నాయి' అనే వాక్యం దాదాపు ఆనవాయితీగా వస్తుంది. నేనూ కొన్ని సంవత్సరాలు అలాగే చెప్పాను. నల్లబల్లమీద అర్ధగోళాకారంలో ఒక మంచు ఇల్లు గీసి, కింద 'ఇగ్లూ' అని రాశాను. ఒకసారి ఎం.ఎ. విద్యార్థిని ఒకరు "ఆ ఇంట్లో పొయ్యి వెలిగిస్తే ఇల్లు కరిగిపోదా మేడమ్?" అని అడిగారు. అప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఈ వ్యాసానికి ప్రేరణ ఆ ప్రశ్నే.

పదాల లెక్క సంగతి ముందు చూద్దాం. 1911లో ఫ్రాంజ్ బోయాస్ ఇచ్చినవి నాలుగే: నేలమీద ఉన్న మంచు, కురుస్తున్న మంచు, గాలికి కొట్టుకుపోతున్న మంచు, గాలికి పోగుపడిన మంచుదిబ్బ. 1940లో బెంజమిన్ లీ వోర్ఫ్ వ్యాసంతో ఈ ఉదాహరణ ప్రచారంలోకి వచ్చింది. చేతులు మారినకొద్దీ సంఖ్య పెరిగింది. లారా మార్టిన్ 1986లో, ఆ తరువాత జెఫ్రీ పుల్లమ్ ఈ పెరుగుదలను గట్టిగా విమర్శించారు. ఆ భాషల్లో ఒక మూలపదానికి ప్రత్యయాలు వరుసగా చేరి వాక్యమంత పదం తయారవుతుంది. 'ఉమియాక్' అంటే తోలుపడవ. పెద్దదనాన్ని తెలిపే ప్రత్యయం చేరి 'ఉమియాక్‌పాక్' అయితే ఓడ. ఇటువంటి భాషలో పదాలను లెక్కపెట్టడం వల్ల తేలేదేమీ లేదు. 'ఇంట్లోంచి', 'ఇంట్లోవాళ్ళకు' వంటి రూపాలన్నింటినీ విడివిడిగా లెక్కవేసి తెలుగువారికి ఇంటిని తెలిపే పదాలు ఇన్ని అని ఎవరైనా ప్రకటిస్తే మనం అంగీకరించం.

అయితే ఈ ఖండన దగ్గరే ఆగిపోవడం కూడా ఒక రకమైన అలక్ష్యమే. పదాలు వందలా, నాలుగా అన్న వాదంలో రెండు పక్షాలవారికీ ఆ పదాలతో బతికేవారి అవసరం పెద్దగా లేకపోయింది.

2. ఊరు, పేరు, కాలం

ఉత్కియాగ్విక్ 71 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద, చుక్చీ సముద్రపు ఒడ్డున ఉంది. 2020 జనగణన ప్రకారం జనాభా 5 వేలకు కొద్దిగా తక్కువ. మరో పట్టణంతో కలిపే రహదారి లేదు. సరుకులు విమానంలో రావాలి, లేదా వేసవిలో సముద్రం తెరుచుకున్నప్పుడు నౌకల మీద రావాలి. పందొమ్మిదో శతాబ్దంలో బ్రిటిష్ నావికులు తమ నౌకాదళ అధికారి పేరుమీద ఈ తీరపు కొసకు పెట్టిన 'బారో' అనే పేరు ఊరికీ స్థిరపడింది. 2016 అక్టోబరులో ఓటింగు జరిపి పాత పేరును తిరిగి తెచ్చుకున్నారు. అనుకూలంగా 381, వ్యతిరేకంగా 375 ఓట్లు వచ్చాయి. స్వభాషలోని పేరు ఆరు ఓట్ల తేడాతో గెలవడం భాషాభిమానులు ఆలోచించవలసిన విషయం. (ఇన్యుపియాక్‌లో కొండనాలుక దగ్గర పలికే ధ్వనికి మన లిపిలో అక్షరం లేదు. ఈ వ్యాసమంతటా 'క'తోనే సరిపెట్టాను.) 'ఎస్కిమో' అన్నది కూడా బయటివారు పెట్టిన పేరే. ధ్రువప్రాంత దేశాల ఇన్యుయిట్ ప్రజల ఉమ్మడి సంస్థకు పునాది వేసిన తొలి సమావేశం 1977లో ఈ ఊళ్ళోనే జరిగింది.

నవంబరు మూడోవారంలో అస్తమించిన సూర్యుడు మళ్ళీ జనవరి 23 ప్రాంతంలో ఉదయిస్తాడు. మే రెండోవారం నుంచి ఆగస్టు మొదటి రోజుల వరకు అసలు అస్తమించడు. ఫిబ్రవరి సగటు ఉష్ణోగ్రత సున్నాకు దిగువన 25 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో ఉంటే, జూలైలో సున్నాకు పైన అయిదు డిగ్రీల దగ్గర ఉంటుంది. ఏడాది మొత్తం మీద వాన, మంచు కలిపి 15 సెంటీమీటర్ల లోపే. ఆ లెక్కన ఇది ఎడారి. కానీ పడిన మంచు ఎనిమిది, తొమ్మిది నెలలపాటు పోదు. పైగా గాలి దాన్ని ఒకచోటినుంచి మరొకచోటికి మోస్తూనే ఉంటుంది.

ఇన్యుపియాక్‌లో 'సిల' అనే మాట ఉంది. వాతావరణం, బయలు, గాలి అనే అర్థాలన్నీ అందులో కలిసి ఉన్నాయి. 'బయట' ఉండటం, వాతావరణంలో ఉండటం అక్కడ ఒకే మాట. ఇక ఇంటి నిర్మాణమంతా ఈ 'సిల'ను ఎంతవరకు రానివ్వాలి అన్న లెక్కమీదనే నడుస్తుంది.

3. ఇగ్లు అంటే ఇల్లు

'ఇగ్లు' అంటే మంచు ఇల్లు కాదు, ఇల్లు, అంతే. ఈనాడు చెక్కతో కట్టిన ఇంటిని కూడా ఆ మాటతోనే పిలుస్తారు. శీతకాలమంతా మంచుదిమ్మల ఇంట్లో నివసించే పద్ధతి ప్రధానంగా కెనడా ఉత్తరప్రాంతపు ఇన్యుయిట్‌లది. ఉత్తర అలాస్కాలో మంచుతో కట్టినవి ప్రయాణంలోనో, వేటలోనో తాత్కాలికంగా తలదాచుకోవడానికే.

పూర్వపు ఇన్యుపియాక్ ఇల్లు సగం నేలలోకి దిగిన మట్టి ఇల్లు. అక్కడ చెట్లు లేవు. సముద్రం ఒడ్డుకు కొట్టిన దుంగలు, తిమింగలపు దవడ ఎముకలు, పక్కటెముకలు కలిపి చట్రం కట్టి, పైన గడ్డివేళ్ళతో సహా పెళ్ళగించిన మట్టిపెడ్డలు కప్పేవారు. లోపలికి వెళ్ళడానికి ఇంటి నేలకన్నా లోతుగా తవ్విన పొడవైన సొరంగం ఉండేది. దానిగుండా వంగి నడిచి, ఇంటి నేలలో ఉన్న 'కతక్' అనే రంధ్రంలోనుంచి పైకి రావాలి. చల్లగాలి బరువైనది కాబట్టి సొరంగంలోనే నిలిచిపోతుంది. వెచ్చనిగాలి పైన, మనుషులున్నచోట నిలుస్తుంది. సీల్ కొవ్వు నూనెతో వెలిగే రాతి దీపం వెలుగూ వేడీ రెండూ ఇచ్చేది. కప్పులోని కిటికీకి సముద్రజంతువుల పేగుపొరను కుట్టి బిగించేవారు. విద్యార్థిని ప్రశ్నకు జవాబు ఇక్కడ ఉంది: కరగడానికి ఆ గోడల్లో మంచు లేదు.

కానీ ప్రశ్న తప్పు కాదు, చోటు మారింది. ఈనాటి ఇళ్ళు నేలమీద ఆనవు. కర్రస్తంభాలమీద నిలుస్తాయి, అడుగున గాలి ఆడే ఖాళీ ఉంటుంది. ఎందుకంటే అక్కడి నేల దాదాపు 400 మీటర్ల లోతువరకు ఏళ్ళతరబడి గడ్డకట్టి ఉంటుంది. పెర్మాఫ్రాస్ట్ అనేది దీన్నే. వేసవిలో పైపొర మాత్రమే కరుగుతుంది. ఇంటిని నేరుగా నేలమీద కట్టి లోపల వెచ్చగా ఉంచితే, ఆ వేడికి అడుగునేల మెత్తబడి ఇల్లు ఒకవైపు ఒరుగుతుంది. పొయ్యి వెలిగిస్తే కరిగేది గోడ కాదు, పునాది. నీటిగొట్టాలను పాతడానికీ ఇదే అడ్డు. ఒకప్పుడు మంచినీటి చెరువుల గడ్డను కోసి తెచ్చి ఇంట్లో కరిగించుకొని తాగేవారు. ప్రూడో బే చమురు మీద వచ్చే పన్నుతో స్థానిక పాలకసంస్థకు ఆదాయం పెరిగాక, 1980ల్లో గొట్టాలకోసం భూగర్భంలో వెచ్చగా ఉంచే సొరంగమార్గాన్ని నిర్మించారు.

ఆధునిక గృహంలో పాత సొరంగం పోయినా దాని పని పోలేదు. గుమ్మానికి ముందు వేడిచేయని చిన్నగది ఉంటుంది, 'కనిచ్చాక్'. బయటి తలుపు మూసిన తరువాతే లోపలి తలుపు తెరుస్తారు. బూట్లు, తోలుకోట్లు, వేటసామాను, గడ్డకట్టిన మాంసం, చేపలు అక్కడే. మన వసారాతో పోల్చాలని మొదట అనిపిస్తుంది. కానీ వసారా బయటివారిని కూర్చోబెట్టే చోటు. కనిచ్చాక్‌లో ఎవరూ కూర్చోరు, మనిషి ఒక వాతావరణాన్ని విప్పి మరొకదానిలోకి వెళ్ళే చోటు అది.

4. సముద్రం మీది నేల

ఇక్కడ తెలుగులో ఒక ఇబ్బంది ఉంది. కురిసేది మంచే, గడ్డకట్టేది మంచే, తెల్లవారుజామున పొలం మీద పరుచుకునే పొగ కూడా మంచే. ఇన్యుపియాక్‌లో సముద్రం మీద కట్టిన గడ్డ 'సికు'. తీరానికి అతుక్కొని కదలకుండా ఉన్నది 'తువాక్'. దాని అంచున తెరుచుకున్న నీటిపాయ 'ఉయిన్యిక్'. వసంతంలో బోహెడ్ తిమింగలాలు ఆ పాయవెంట ఉత్తరానికి పోతాయి. వేటబృందాలు తువాక్ అంచున మకాం వేసి, స్త్రీలు గడ్డపుసీల్ తోళ్ళతో నీరు చొరకుండా కుట్టిన ఉమియాక్‌లతో ఎదురుచూస్తాయి. తువాక్ ఎప్పుడు విరిగి కొట్టుకుపోతుందో గుర్తించలేనివాడు తిరిగి రాడు. అలాస్కాలోనే వేల్స్ గ్రామవాసులు 2012లో వెలువరించిన సముద్రపు మంచు నిఘంటువులో నూటికి పైగా పదాలు చేరడానికి కారణం ఈ అవసరమే. ఇందులో కవితాసంబంధమైన వింత ఏదీ లేదు.

గాలి, ప్రవాహం తోసినప్పుడు మంచుగడ్డలు ఒడ్డెక్కి ఇళ్ళమీద పడటం 'ఇవు'. 1982లో ఈ ఊరి పాత దిబ్బల తవ్వకంలో కూలిన ఇల్లొకటి బయటపడింది. అందులో ఇద్దరు స్త్రీల దేహాలు గడ్డకట్టిన నేలలో చెడకుండా ఉన్నాయి. పిల్లల ఎముకలూ దొరికాయి. కొన్ని శతాబ్దాలకింద నిద్రలో ఉన్న కుటుంబంమీద ఇవు విరుచుకుపడిందని పురాతత్వవేత్తలు భావించారు. ఒకే మాట నిఘంటువులో ఒక పంక్తి, ఆ ఇంట్లో ఆఖరి రాత్రి.

5. సిగ్లువాక్

తిమింగలం దొరికితే అది ఒక్క బృందానిది కాదు. 'ఉమియాలిక్' అనే నాయకుడి కుటుంబం, వేటలో సాయపడినవారు, ఊరంతా ఏ భాగం ఎవరికన్నది ఆచారం ప్రకారం పంచుకుంటారు. జూన్‌లో 'నలుకతాక్' ఉత్సవంలో మళ్ళీ పంపిణీ జరుగుతుంది. అంతవరకూ, ఆ తరువాతా మాంసం ఉండేది 'సిగ్లువాక్'లో. ఇది గడ్డకట్టిన నేలలోకి మీటర్లకొద్దీ లోతుగా తవ్విన గది. పైన మూత, దిగడానికి నిచ్చెన. మన పాతరలు ధాన్యాన్ని తేమనుంచి కాపాడితే ఇది మాంసాన్ని వేసవినుంచి కాపాడుతుంది. వసంతపు వేటకు ముందు దీన్ని ఖాళీ చేసి, శుభ్రపరిచి, అడుగున కొత్తమంచు పరుస్తారు. తిమింగలం తనకు శుభ్రమైన వసతి ఉన్న కుటుంబానికే తనను అప్పగించుకుంటుందని విశ్వాసం. అంటే ఇంటి లెక్కలో మనుషుల గదులతోపాటు అతిథి గది కూడా ఉంది, ఆ అతిథి తిమింగలం.

ఇటీవలి దశాబ్దాల్లో కొన్ని సిగ్లువాక్‌లలోకి నీరు చేరింది, కొన్ని కూలాయి. కారణాన్ని వేడెక్కడం ఒక్కదానికే కట్టడం సరికాదు. చుట్టూ పెరిగిన నిర్మాణాలు, నీరు పారే తీరు మారడం, ఉప్పునేల, తీరపు కోత కూడా కారణాలే. కానీ వాతావరణం మారిన తీరు మాత్రం స్పష్టం. 2017 డిసెంబరులో అమెరికా జాతీయ సముద్ర, వాతావరణ సంస్థ నవంబరు లెక్కలు సిద్ధం చేస్తుండగా ఉత్కియాగ్విక్ అంకెలు కనిపించలేదు. ఉష్ణోగ్రత ఎంత వేగంగా పెరిగిందంటే, తప్పుడు కొలతలను ఏరివేయడానికి అమర్చిన కంప్యూటర్ పద్ధతి ఆ ఊరి నిజమైన కొలతలను తప్పులుగా భావించి పక్కన పెట్టింది. తీరానికి సముద్రపు మంచు ఆలస్యంగా చేరడం ఇందుకు ప్రధాన కారణంగా తేల్చారు.

సిగ్లువాక్ పాడైన కుటుంబాలు బంధువుల సిగ్లువాక్‌ను పంచుకుంటున్నాయి, లేదా విద్యుత్ ఫ్రీజర్లు వాడుతున్నాయి. నేలలో నెమ్మదిగా మాగిన మాంసానికి వచ్చే రుచి ఫ్రీజరులో రాదని పెద్దలు అంటారు. రుచి సంగతి అటుంచితే, తిమింగలం కోసం పరిచే కొత్తమంచును ఇప్పుడు ఎక్కడ పరచాలన్నది ఆ ఇళ్ళ ముందున్న ప్రశ్న. ఇప్పుడు తరగతిలో నల్లబల్లమీద నేను అర్ధగోళం గీయడం లేదు. నేలను సూచించే ఒక గీత గీసి, దానికింద నిచ్చెన వేసిన ఒక గది గీస్తున్నాను.