ముసలమ్మ కట్ట మీద డొరొతీ

ఎండకు కాగి బీటలు వారిన దుక్కినేల. కనుచూపు మేర చెట్టు లేదు. పచ్చిక సైతం మాడి బూడిదరంగుకు తిరిగినది. ఇది మన అనంతపురం సీమ వర్ణన కాదు. అమెరికా రచయిత ఫ్రాంక్ బామ్ 1900లో ప్రకటించిన ఓజ్ మాంత్రికుని కథ ఇట్టి కాన్సాస్ మైదానంలో మొదలవుతుంది. అక్కడినుండి డొరొతీ అనే బాలికను సుడిగాలి ఎత్తుకొనిపోయి ఒక అద్భుతలోకంలో దింపుతుంది. పాతకథలలోని దుఃఖాన్నీ పీడకలలనూ విడిచి, ఆనందాన్ని మాత్రమే పిల్లలకు అందించదలచినానని బామ్ తన పీఠికలో చెప్పుకొన్నాడు.

నూరేండ్లు గడచిన పిమ్మట ఆ పీడకలలు తిరిగి వచ్చినవి. డానియెల్ పేజ్ అనే రచయిత్రి కౌమారంలో ఉన్న పాఠకుల కోసం 2014లో వెలువరించిన నవలలో ఆ డొరొతీయే ఓజ్ రాజ్యాన్ని పీడించే నిరంకుశురాలు. ఆమెను చంపవలసిన భారం కాన్సాస్ నుండి వచ్చిన మరొక బాలికపై పడుతుంది. ఇట్టి పుస్తకాలు ఇప్పుడు పెక్కు వస్తున్నవి. పసివారి కథను ఇట్లు పాడుచేయవచ్చునా అని నొచ్చుకొనే ఉపాధ్యాయులు ఉన్నారు. వారు ఒకసారి బుక్కరాయసముద్రం చెరువుకట్ట దాకా నడిచి రావలెనని నా కోరిక.

అనంతపురం పట్టణం చేరువనే ఉన్న ఆ చెరువు మొదటి బుక్కరాయల కాలంలో పండమేరు నీటిని ఆపి కట్టినదని ప్రతీతి. ఏటా సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసే సీమలో చెరువంటే ఏమిటో వేరుగ చెప్పనక్కరలేదు. ఒక ఏడు వానలు ముంచెత్తి కట్ట తెగబోయినదట. బసిరెడ్డి కడగొట్టు కోడలు ముసలమ్మను బలి ఇచ్చిన గాని కట్ట నిలువదని దైవవాక్కు వినిపించినది. ఆమె వెళ్లినది, కట్ట నిలిచినది. నేటికీ అది ముసలమ్మ కట్టయే. పేరు విని ఆమెను పండు ముదుసలి అనుకొనే పిల్లలు తరగతికి నలుగురైనా ఉంటారు. ఆమె పడుచు ఇల్లాలు.

సి. పి. బ్రౌన్ 1853లో అచ్చువేయించిన అనంతపురం చరిత్రలో ఈ ఉదంతం కొద్ది పంక్తులలోనే ముగుస్తుంది. బలి అడిగినారు, ఇచ్చినారు. పసివారికి అంతే చాలును. కథలో చావు వారికి ఒక మంత్రం వంటిది. దాని బరువు తెలియదు. ఆ బరువు తెలిసిన వయస్సులోనే ఒక విద్యార్థి ఈ కథను అందుకొన్నాడు. 1899లో మదరాసు క్రైస్తవ కళాశాలలో చదువుకొంటూ, ఇరువదేండ్లైనా నిండని కట్టమంచి రామలింగారెడ్డి, ఆంధ్ర భాషాభిరంజని సమాజం వారి పోటీకై ‘ముసలమ్మ మరణము’ రచించి బహుమానం పొందినాడు. కావ్యం మంగళాంతం కావలెనన్న పాత మర్యాదను పక్కకు నెట్టి, శోకాన్ని శోకంగానే నిలిపినాడు. మన నవ్యకవిత్వానికి నాంది అని పలువురు విమర్శకులు చెప్పే కృతి, ఒక కుర్రవాడు పెద్దల కథను చీకటితో సహా తిరిగి చెప్పిన పుస్తకమే.

అయినను, నాకొక అసంతృప్తి ఉన్నది. బలికి కడగొట్టు కోడలే ఎందుకు కావలసివచ్చినది? పొరుగున కన్నడ దేశంలో ‘కెరెగె హార’ అనే జానపద గేయంలో చెరువుకు ఆహుతి అయిన భాగీరథి కూడ కడగొట్టు కోడలే. సెర్బియా దేశంలో వూక్ కరాజిచ్ సేకరించిన స్కదర్ కోట పాటలో మువ్వురు అన్నదమ్ముల భార్యలలో చిన్నవాని భార్యను గోడలో పెట్టి కట్టివేస్తారు. అయితే ఆ పాట ఒక రహస్యాన్ని దాచలేదు. మరునాడు పనివారికి అన్నం తెచ్చే ఇల్లాలే బలి కావలెను. ఆ మాట ఇంట చెప్పరాదని మువ్వురూ ఒట్టు పెట్టుకొన్నారు. పెద్దవారిద్దరూ ఒట్టు తప్పి తమ భార్యలకు చెప్పినారు. చిన్నవాడు చెప్పలేదు.

మన కథలో దైవవాక్కు మాత్రమే మిగిలినది. దానిని మొదట విన్నవారెవరో, విని ఊరికి చెప్పినవారెవరో, తక్కిన కోడండ్ర పేర్లు ఆ నోట ఎందుకు రాలేదో ఏ తరగతిలోనూ అడిగినట్లు నేను వినలేదు. డొరొతీ కథను చదివి ఉబలాటపడే నేటి యువకుడుగాని, యువతిగాని ముసలమ్మ కథను మరల వ్రాయబూనితే, కట్ట మీదినుండి గాక, ఆ రాత్రి బసిరెడ్డి ఇంట దీపం ఆర్పకముందు నడచిన మాటల నుండి మొదలుపెట్టవచ్చును.