గాజు తలుపుపై తెల్లని పొర

స్నానాల గదిలో గాజు తలుపులు పెట్టించుకున్న ఇళ్ళలో కొద్ది నెలలకే వినిపించే ఫిర్యాదు, గాజు మసకబారిందని. నేరం గాజుది కాదు, నీటిది. బోరు నీటిలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు చుక్క ఆరగానే గాజుపై మిగిలిపోతాయి; సబ్బుతో కలిసి తెట్టె కడతాయి. నీళ్ళు కాచే గిన్నె అడుగున పేరుకునే సున్నపు పొర వంటిదే ఇదీ.

స్నానం ముగియగానే చిన్న వైపర్‌తో పైనుంచి కిందికి నీరు లాగివేస్తే సగం బెడద తీరినట్లే. పొర పట్టి ఉంటే, సమంగా నీరు కలిపిన వెనిగర్‌లో గుడ్డ తడిపి, పది నిమిషాలు అంటించి ఉంచి కడగాలి. అది పాలరాతిని తాకరాదు; రాయిని తినివేస్తుంది. బ్లీచింగ్ పొడితో కలిస్తే విషవాయువు పుడుతుంది. గచ్చు కడిగే యాసిడ్‌తోనూ పొర పోతుంది గాని, దానితోపాటు బందుల మెరుగూ పోతుంది!

మసక కంటికే కష్టం. అంచుకు తగిలే దెబ్బ అంతకంటె ప్రమాదకరం. టఫెన్డ్ గాజు నడుమ ఎంతటి తాకిడినైనా చాలావరకు ఓర్చుకుంటుంది. అంచున, మూలన అది బలహీనం. బందు వదులై తలుపు జారి, మూల గచ్చుకు కొట్టుకుంటే పలక మొత్తం ఒక్కసారిగా చిన్నచిన్న ముక్కలు కావచ్చు. కనుక బందుల మరలను అప్పుడప్పుడు పరీక్షించుకోవాలి. అంచున పెచ్చు లేచిన పలకను అరగదీసి సరిచేయడం కుదరదు, మార్పించవలసిందే.