టీకాలు, విమానములు, మన మూడు ఊళ్ళు

తెనాలి, బాపట్ల, రేపల్లెలలో ప్రయాణికుల విమానాశ్రయము లేదు. సూర్యలంకలో వాయుసేన స్థావరమున్నది. కొరిశపాడు వద్ద జాతీయ రహదారిపై 2022 డిసెంబరులో వాయుసేన విమానములతో పరీక్షయు జరిగినది. అవి మనమెక్కునవి కావు. మన విమాన ప్రయాణము రైలుపెట్టెలో ఆరంభమగును. రేపల్లెవారు తెనాలి మీదుగా, బాపట్లవారు మదరాసు మార్గమున బెజవాడ చేరి, అచ్చటనుండి గన్నవరము పోవలెను. కావున 2020 మార్చిలో రైళ్ళు నిలిచి, 25వ తేదీనుండి దేశీయ విమానములును నిలిచినప్పుడు మనకు రెండు తలుపులు మూతపడినవి. మన రాష్ట్రమున మే 26న విమానములు తిరిగి లేచినను, ప్యాసింజరు బండ్లు అప్పటికి లేవు.

2021 జనవరి 12న గన్నవరమునకు విమానములో వచ్చినవారికంటె విలువైన సరకొకటి దిగినది. అవి పూనానుండి వచ్చిన తొలి టీకామందు పెట్టెలు. నాలుగు దినములకు దేశమంతట టీకాలు వేయసాగిరి.

టీకాలు పెరిగినకొలది విమానములు నిండినవని పలువురందురు. లెక్క అంత సూటిగా లేదు. 2019లో దేశములో 14 కోట్ల 41 లక్షలమంది దేశీయ విమానములలో ప్రయాణింపగా, 2020లో 6 కోట్ల 30 లక్షలమందియే ప్రయాణించిరి. 2021 ఫిబ్రవరిలో 78 లక్షలకు చేరిన సంఖ్య, రెండవ విజృంభణమున మే నెలలో 21 లక్షలకు పడిపోయినది. టీకాలు మొదలై నాలుగు నెలలైనను, రెండు మోతాదులు పడినవారు అప్పటికి కొద్దిమందియే. జూన్ 20న మన రాష్ట్రమున ఒక్కరోజున 13 లక్షలకు పైగా టీకాలు వేసిరి. అక్టోబరు 21న దేశము నూరుకోట్ల మోతాదులు దాటినది. డిసెంబరులో ప్రయాణికులు కోటి 12 లక్షలైరి. ఒమిక్రాను వచ్చి జనవరిలో 64 లక్షలకు దించినను, మార్చినాటికి మరల కోటి దాటినది. మొదటి పాటునుండి లేచుటకు అయిదు నెలలు పట్టగా, రెండవదానికి రెండే నెలలు చాలినవి. ఇందు టీకా ప్రభావమెంత, ఒమిక్రాను తీవ్రత తక్కువగుటవలన కలిగినదెంత యని విడదీయుట కష్టము. సీట్ల సంఖ్యపై ప్రభుత్వము విధించిన పరిమితి 2021 అక్టోబరు 18న తొలగుటయు మరువరానిది.

అమెరికాలో బిడ్డలున్న మన ఇండ్లలో మరియొక చిక్కు. హైదరాబాదులోనే తయారైన కోవాగ్జిను వేయించుకొన్న తల్లిదండ్రులు, దానిని ప్రపంచారోగ్యసంస్థ గుర్తించుటకై నెలల తరబడి ఎదురుచూచిరి. ఆ గుర్తింపు 2021 నవంబరు 3న లభించినది. టీకా పొందిన విదేశీయులకు అమెరికా ద్వారములు తెరచినది నవంబరు 8న. నడుమ అయిదు దినములు! మనుమని పుట్టువునుగూడ ఫోనులోనే చూచిన ముదుసలులకు ఆ పత్రమే టిక్కెట్టుకన్న ముఖ్యమైనది.

ఇక చిన్న విమానముల సంగతి. డెబ్బది సీట్ల ఎ.టి.ఆర్. విమానము సగము ఖాళీగా ఎగిరినను అద్దె, పైలట్ల జీతములు, నిర్వహణ వ్యయము తగ్గవు. పెద్ద సంస్థలు ఒక మార్గపు నష్టమును మరొక మార్గపు లాభముతో పూడ్చుకొనగలవు. చిన్నవాటికి ఆ వీలు లేదు. ఉడాన్ పథకము క్రింద 2017 ఏప్రిలులో కడప, హైదరాబాదుల నడుమ మొదలిడి, పిమ్మట గన్నవరమునకును విమానములు నడిపిన ట్రూజెట్ సంస్థ, ప్రయాణికులు తిరిగివచ్చుచున్న వేళనే, 2022 ఫిబ్రవరిలో ఆగిపోయినది. టీకా ప్రయాణికుని బ్రతికించినది గాని, అప్పులలో మునిగిన సంస్థ కది మందు కాజాలదు. కర్నూలు వద్ద ఓర్వకల్లు విమానాశ్రయమునుండి రాకపోకలు మొదలైనది 2021 మార్చి 28న, రెండవ విజృంభణపు వాకిట! అంతకంటె చెడ్డ ముహూర్తము దొరకదు.

2023లో దేశీయ ప్రయాణికులు 15 కోట్లు దాటి, 2019 నాటి సంఖ్యను మించిరి. ఆ మొత్తములో మహానగరములదే పెద్దపాలు. రేపల్లె ఇంటిలో మాత్రము, గన్నవరమునుండి ఎచ్చటికి విమానమున్నదని అడుగుటకు ముందు, తెనాలికి బండి ఎన్నింటికని అడుగుదురు.