ఒళ్లు వద్దంటుంది... మనసు పదమంటుంది!

నంద్యాల దగ్గర గోస్పాడులాంటి ఊళ్లో పెరిగిన కుర్రాడికి ఈత కొత్త కాదు. నడుముకి బెండ్లు కట్టుకుని బావిలో దూకి, ఆనక కుందూలోనో కేసీ కాలువలోనో చేతులాడించినవాళ్లు ఆ చుట్టుపక్కల బోలెడుమంది. సైకిలూ కొత్త కాదు. పరుగు సంగతి చెప్పనే అక్కర్లేదు. కానీ ఈ మూడింటినీ ఒకే రోజు, ఒకదాని వెంట ఒకటి చెయ్యమంటే? దూరం కూడా చెప్పుకుందాం. ముందు 3.8 కిలోమీటర్ల ఈత. ఒంటిమీది తడి ఆరకముందే సైకిలెక్కి 180 కిలోమీటర్లు... అంటే కర్నూల్లో బయల్దేరి నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు దాటుకుంటూ దాదాపు కడప పొలిమేరల దాకా! అక్కడితో అయిపోలేదు. సైకిలు దిగి 42.2 కిలోమీటర్ల పరుగు. నంద్యాల నుంచి ఆళ్లగడ్డకి ఇంచుమించు అంత దూరం ఉంటుంది. ఇదంతా మామూలుగా 17 గంటల్లోపు ముగించాలి.

ఐరన్‌మ్యాన్ ట్రయథ్లాన్ అంటే ఇదే. వింటేనే ఆయాసం వచ్చే ఈ పోటీ ఓ వాదనలోంచి పుట్టింది. ఈతగాళ్లు గట్టివాళ్లా, పరుగు వీరులా, సైకిలు తొక్కేవాళ్లా అన్న చర్చ వచ్చినప్పుడు జాన్ కాలిన్స్ అనే అమెరికా నౌకాదళ అధికారి, హవాయి దీవుల్లో అప్పటికే విడివిడిగా జరుగుతున్న మూడు పోటీల్ని కలిపి ఒక్కటి చేద్దామన్నాడు. 1978 ఫిబ్రవరి 18న పదిహేనుమంది బరిలోకి దిగితే పన్నెండుమంది ఆఖరిదాకా వచ్చారు. మొదట వచ్చిన గోర్డన్ హాలర్‌కి పట్టిన సమయం 11 గంటల 46 నిమిషాలు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో ట్రయథ్లాన్‌కి చోటు దొరికింది కానీ అక్కడ దూరాలు బాగా తక్కువ... ఒకటిన్నర కిలోమీటర్ల ఈత, 40 సైకిలు, 10 పరుగు. మన దేశానికొస్తే, 2019 అక్టోబరులో గోవాలో మొదటిసారి ఐరన్‌మ్యాన్‌లో సగం దూరం పోటీ జరిగింది.

నెమ్మదిగా... ఇంకా నెమ్మదిగా!

ఇలాంటి పోటీకి తయారుచేసే శిక్షణ శిబిరం అనగానే ఈలలూ అరుపులూ, 'ఇంకా వేగంగా' అంటూ తరిమే కోచ్‌లూ కళ్లముందు మెదులుతారు. నిజానికి అక్కడ కొత్తవాళ్లకి ఎక్కువగా వినిపించే మాట 'నెమ్మదిగా' అనే. సుదీర్ఘమైన పరుగులో పక్కవాడితో కబుర్లు చెప్పగలిగేంత వేగం మాత్రమే ఉండాలి. మాట తడబడిందంటే వేగం ఎక్కువైనట్టే. కుర్రాళ్లకి ఇది నామోషీగా ఉంటుంది. మూడు వారాలు పోయాక గానీ దాని విలువ తెలియదు.

కారణం ఒంట్లోనే ఉంది. కండరాల్లో, కాలేయంలో గ్లైకోజెన్ రూపంలో దాచిపెట్టుకున్న పిండి పదార్థం మహా అయితే అరకిలో. దాన్నుంచి వచ్చే శక్తి రెండువేల క్యాలరీలకు అటూ ఇటూ. వేగంగా పరిగెడితే ఒళ్లు దాన్నే ఖర్చుపెడుతుంది. చాలామంది మారథాన్ పరుగు వీరులు ముప్ఫయ్యో కిలోమీటరు దాటాక ఉన్నట్టుండి గోడకి గుద్దుకున్నట్టు ఆగిపోయేది అది అడుగంటినప్పుడే. అదే నింపాదిగా, గంటలకొద్దీ సాగితే కొవ్వుని ఎక్కువగా కరిగించి వాడుకోవడం ఒంటికి అలవాటవుతుంది. సన్నగా ఉన్నవాళ్ల ఒంట్లోనూ కొవ్వుకి కొదవ లేదు, రోజులతరబడి నడిపించేంత ఉంటుంది! కండరాల్లో సన్నటి రక్తనాళాలు పెరుగుతాయి, కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా పెరుగుతాయి. ఇవేవీ ఒక్కరోజులో వచ్చేవి కావు. అందుకే వారంలో ఒక రోజు సుదీర్ఘమైన ఈత, ఒక రోజు సుదీర్ఘమైన పరుగు తప్పవు.

మరోటుంది... సైకిలు దిగీ దిగగానే పరుగు. దీన్ని 'బ్రిక్' అంటారు, అంటే ఇటుక. ఆ కాళ్లతో నాలుగడుగులు వేసినవాళ్లకి ఆ పేరెందుకో వేరే చెప్పక్కర్లేదు.

తిండి కూడా శిక్షణలో భాగమే. ఆకలేశాక తింటే ఆలస్యమైపోయినట్టే. అరటిపండు, ఖర్జూరం, ఉప్పూ పంచదారా కలిపిన నిమ్మరసం... ఏది కడుపుకి పడుతుందో పోటీనాడు కాదు, శిబిరంలోనే తేల్చుకోవాలి.

ఇక ఈత. పాతిక మీటర్ల కొలనులో 3.8 కిలోమీటర్లంటే 152 సార్లు అటూ ఇటూ తిరగాలి. విసుగే పెద్ద శత్రువు. అయినా కొలనులో గోడ ఉంటుంది, అడుగున గీత కనిపిస్తుంది. చెరువులోనో సముద్రంలోనో అవేవీ ఉండవు. నాలుగైదు బారలకోసారి తల పైకెత్తి దిక్కు చూసుకోకపోతే ఎటో వెళ్లిపోతారు. పరుగులో అలసిపోతే నడవొచ్చు. నీళ్లలో అలసిపోతే? పరుగులో ఎంతో గట్టివాళ్లు కూడా లోతు నీళ్లు చూసి వణకడం శిబిరాల్లో మామూలే. ఆ భయం కండబలంతో పోదు.

భయపడ్డ చోటే...

ఆ భయాన్ని జయించడమెలాగో చెప్పడానికి గోలి శ్యామలను మించిన ఉదాహరణ తెలుగునాట దొరకదు. ఆమెది ట్రయథ్లాన్ కాదు, అచ్చంగా సుదూర ఈత. సామర్లకోటలో పుట్టి హైదరాబాద్‌లో స్థిరపడి, యానిమేషన్ రంగంలో పనిచేశారు. నీళ్లంటే భయం. మన ఊళ్లలో మగపిల్లలు బావుల్లో, కాలువల్లో ఆడుతూ పాడుతూ నేర్చేసుకునే ఈత ఆడపిల్లల దాకా వచ్చేది తక్కువే కదా! ఆమె నేర్చుకున్నది నలభై దాటాక, ఇంటిపనీ పిల్లల చదువులూ ఒక కొలిక్కి వచ్చే వయసులో. శ్రీలంకకీ మనకీ మధ్యనున్న పాక్ జలసంధిని 2012లో ఈదిన ఐపీఎస్ అధికారి రాజీవ్ త్రివేది ఆమెకి స్ఫూర్తి.

2020లోనే తానూ ఈదాలనుకున్నారు. కొవిడ్ వచ్చిపడింది. ఏడాది సాధన నీళ్లపాలైందని వదిలేసుంటే తప్పుపట్టేవాళ్లెవరూ ఉండరు. ఆమె వదల్లేదు. 2021 మార్చి 19న తెల్లవారకముందే తలైమన్నార్ దగ్గర నీళ్లలోకి దిగారు. సుమారు 30 కిలోమీటర్లు ఈది, సాయంత్రానికి ధనుష్కోడి తీరం చేరారు. పట్టింది 13 గంటల 43 నిమిషాలు. 2004లో బులా చౌధురి తర్వాత ఆ జలసంధిని ఈదిన రెండో మహిళ ఆమే.

ఓసారి లెక్క వెయ్యండి. గంటకి రెండు కిలోమీటర్ల పైచిలుకు! సంతకెళ్లే మనిషి నడక అంతకు రెట్టింపు ఉంటుంది. ఆ నిదానాన్నే పదమూడు గంటలపైన నిలబెట్టడంలో ఉంది గొప్పంతా. ఇలాంటి ఈతల్లో పక్కన పడవ ఉన్నా దాన్ని పట్టుకోకూడదు. తిన్నా తాగినా నీళ్లలో తేలుతూనే. ప్రవాహం ఎదురు తిరిగితే గంటసేపు చేతులాడించినా ఉన్నచోటే ఉన్నట్టుంటుంది. అలాంటప్పుడు ఒడ్డు గురించి ఆలోచిస్తే పని జరగదు. వచ్చే అరగంట, తర్వాత అందే గుక్కెడు పానీయం... ఆలోచన అంతవరకే ఆగాలి. శిబిరాల్లో కోచ్‌లు కూడా ఇదే నేర్పుతారు. నలభై కిలోమీటర్లు తలుచుకోవద్దు, ఎదురుగా కనిపించే చెట్టు దాకా పద అంటారు.

ఎప్పుడు ఆగాలి?

ఈ 'పద'మనే మాటకీ ఓ హద్దుంది. 1982లో హవాయి పోటీలో ముందంజలో ఉన్న జూలీ మాస్ అనే విద్యార్థిని గమ్యానికి కొద్ది దూరంలో కుప్పకూలింది. లేచి, పడి, చివరికి పాక్కుంటూ గీత దాటింది. ఆలోగా మరో అమ్మాయి ఆమెను దాటేసి 29 సెకన్ల తేడాతో గెలిచింది. టీవీలో ఆ దృశ్యం చూసి వేలమంది ఈ ఆటలోకి వచ్చారు. గుండెలు పిండేసే దృశ్యమే, కాదనలేం. కానీ ఇంటి దగ్గర, పక్కన డాక్టరు లేని చోట అనుకరించాల్సింది మాత్రం కాదు.

నంద్యాల ప్రాంతంలో వేసవి ఎండ 44 డిగ్రీలు దాటడం వింత కాదు. ఆ ఎండకి ఒళ్లు అలవాటుపడాలంటే మెల్లమెల్లగా సాధన పెంచుతూ పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. కాళ్ల నొప్పీ విసుగూ భరించొచ్చు. మాట తడబడినా, అడుగు తూలినా, చలిగా అనిపించినా ఇక ఒక్క మీటరు కూడా వద్దు. నీడకి చేర్చి, నీళ్లు పోసి ఒంటిని చల్లబరుస్తూ ఆసుపత్రికి తీసుకెళ్లాలి. అలాగని దాహం లేకపోయినా నీళ్లు పట్టించడమూ ప్రమాదమే. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మందిని పరీక్షిస్తే 13 శాతం మంది రక్తంలో సోడియం ఉండాల్సినదాని కన్నా తక్కువగా ఉంది. దారిలో మితిమీరి తాగడం దానికి ముఖ్య కారణం.

కాలువ సంగతి మరీ జాగ్రత్త. నీళ్లు వదిలినప్పుడు పైకి ప్రశాంతంగా కనిపించినా లోపలి వడి వేరు. ఎంత ఈతగాడైనా ఒంటరిగా దిగకూడదు. శ్యామల పక్కన కూడా ఆ పదమూడు గంటలూ పడవ ఉంది, అందులో మనుషులున్నారు.

పాక్ జలసంధితో ఆమె ఆగిపోలేదు. 2024 డిసెంబరు 28న విశాఖ ఆర్కే బీచ్‌లో బంగాళాఖాతంలోకి దిగారు. విడతలవారీగా రోజుకింత చొప్పున ఈదుతూ, జెల్లీఫిష్‌ల బాధ పడుతూ, మర్నాడు అవే భుజాలతో మళ్లీ నీళ్లలోకి దిగుతూ 150 కిలోమీటర్లు దాటారు. 2025 జనవరి 3న కాకినాడ తీరంలో ఒడ్డెక్కేనాటికి ఆమె వయసు 52.