పిలవని చుట్టం

పిలవకుండానే వచ్చి, వచ్చాక జన్మంతా కదలని చుట్టం ఒకటి వున్నది. దాని పేరు సైటోమెగలో వైరస్. సోకిన కణాలు ఉబ్బిపోతాయి గనుక 1960లో డాక్టర్ థామస్ వెల్లర్ ఆ పేరు పెట్టాడు.

ప్రపంచంలో నూటికి సుమారు 83 మందికి యిది సోకివున్నదని 2019లో లెక్కగట్టారు. ఐరోపాలో 66 మందికే. మన దేశంలో పెద్దవాళ్లను పరీక్షిస్తే తరచు 90కి పైమాటే! తల్లిపాలలోనూ, పసివాళ్ల ఉమ్మిలోనూ వుంటుంది గనుక మనకు చిన్నతనంలోనే అంటుకుంటుంది.

ఆరోగ్యవంతులను యిది సాధారణంగా బాధించదు. భయం ముఖ్యంగా కడుపులోని బిడ్డకు, పుట్టుచెవుడు రావచ్చు. తల్లికి యిదివరకే సోకినా బిడ్డకు చేరవచ్చు గనుక, "అందరికీ వున్నదేగా" అన్న ధీమా పనికిరాదు.

పెద్దబిడ్డ వదిలిన ముద్ద పారెయ్యలేక తల్లి తినడం మన ఇళ్లలో మామూలే. మళ్లీ నెల తప్పినప్పుడు మాత్రం ఆ ఎంగిలి మానాలి. బిడ్డ గుడ్డలు మార్చాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి.