లీగ్ గెలిచారు, ప్రమోషన్ రాలేదు: వేల్స్ ఫుట్‌బాల్‌లో రెండో మెట్టు కథ

'వెల్‌కమ్ టు రెక్సమ్' సిరీస్ చూసినోళ్లు మీలో చాలామందే ఉంటారు. హాలీవుడ్ హీరో ర్యాన్ రెనాల్డ్స్ ఇంకో యాక్టర్‌తో కలిసి 2021లో వేల్స్‌లో ఒక పాత క్లబ్ కొన్నాడు. 2023, 2024, 2025... వరసగా మూడేళ్లు, మూడు ప్రమోషన్లు. సినిమా కథే! కానీ ట్విస్ట్ ఏంటంటే, రెక్సమ్ ఊరు ఉన్నది వేల్స్‌లో, టీమ్ ఆడేది ఇంగ్లండ్ లీగుల్లో. కార్డిఫ్, స్వాన్సీ కూడా అంతే.

మరి వేల్స్‌కి సొంత లీగ్ లేదా? ఉంది. పైన కమ్రి ప్రీమియర్. దాని కింద రెండు లీగులు పక్కపక్కనే ఉంటాయి: కమ్రి నార్త్, కమ్రి సౌత్. కమ్రి అంటే వాళ్ల భాషలో వేల్స్. స్పెల్లింగ్ చూసి నేను మొదట్లో 'సైమ్రు' అని చదివా, నవ్వకండి. మనం ఈరోజు మాట్లాడుకునేది ఈ రెండో మెట్టు గురించే, ముఖ్యంగా నార్త్ గురించి.

ముందు మ్యాప్ చూద్దాం. వేల్స్ విస్తీర్ణం 20 వేల చదరపు కిలోమీటర్ల పైచిలుకు. మన పాత అనంతపురం జిల్లా 19 వేల పైచిలుకు. అంటే దేశం మొత్తం కలిపి మన ఒక పెద్ద జిల్లా అంత. జనం 31 లక్షలు. ఇంత చిన్న చోట రెండో లెవెల్‌ని రెండు ముక్కలు ఎందుకు చేశారు? మధ్యలో కొండలు బాస్. ఉత్తరాన బ్యాంగర్ నుంచి దక్షిణాన కార్డిఫ్‌కి కారులో నాలుగు గంటల పైనే పడుతుంది. ఈ లెవెల్‌లో ఆడేవాళ్లలో చాలామందికి ఫుట్‌బాల్ ఒక్కటే జీవనాధారం కాదు, వేరే ఉద్యోగం కూడా ఉంటుంది. వీక్‌డే రాత్రి మ్యాచ్ ఆడి, అంత దూరం వెనక్కొచ్చి, పొద్దున్నే డ్యూటీకి వెళ్లాలంటే ఎవరి వల్ల అవుతుంది? అందుకే ఉత్తరం వాళ్లు ఉత్తరంలో, దక్షిణం వాళ్లు దక్షిణంలో. నార్త్‌లో 1990 నుంచి కమ్రి అలయన్స్ అనే లీగ్ ఉండేది. 2019లో వేల్స్ ఫుట్‌బాల్ సంఘం దాని ప్లేస్‌లో ఇప్పటి కమ్రి నార్త్‌ని తెచ్చింది.

ఇప్పుడు అసలు పాయింట్. మామూలుగా మనకు తెలిసిన లెక్క ఏంటి? లీగ్‌లో ఫస్ట్ వస్తే పై లీగ్‌కి వెళ్తాం. ఇక్కడ అది సరిపోదు. పైకి వెళ్లాలంటే చేతిలో 'టైర్ 1 లైసెన్స్' ఉండాలి. గ్రౌండ్, స్టాండ్లు, ఫ్లడ్‌లైట్లు, కోచ్ క్వాలిఫికేషన్, పిల్లల టీమ్‌లు, క్లబ్ అకౌంట్లు, బాకీలు... అన్నీ చెక్ చేసి సంఘం ఇచ్చే పర్మిషన్ అది. సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఈజీగా చెప్తా: టెస్ట్ కేసులన్నీ పాస్ అయ్యాయి, కోడ్ సూపర్, కానీ ప్రొడక్షన్‌లో పెట్టడానికి అప్రూవల్ రాలేదు. ఆ నొప్పి నాకు తెలుసు!

2021-22లో సౌత్‌లో లాంట్‌విట్ మేజర్ టైటిల్ గెలిచింది. లైసెన్స్ లేక పైకి వెళ్లలేదు, రెండో ప్లేస్‌లో ఉన్న పాంటిప్రిద్ టౌన్ వెళ్లింది. 2023-24లో నార్త్‌లో హోలీవెల్ టౌన్‌ది కూడా సేమ్ స్టోరీ. చాంపియన్లు వాళ్లు, ప్రమోషన్ మాత్రం వాళ్ల వెనకున్న ఫ్లింట్ టౌన్ యునైటెడ్‌కి. ఒక్కసారి ఆ టీమ్‌లో మీరే ఉన్నారనుకోండి. ఏడాదంతా వానలో, చలిలో ఆడి, కప్పు ఎత్తి, తర్వాతి సీజన్ మళ్లీ అదే గ్రౌండ్‌లో, అదే లీగ్‌లో. ఆగస్టులో ఏ మొహంతో ప్రాక్టీస్‌కి వెళ్తారు?

ఇది చదివినప్పుడు నాకూ కోపమొచ్చింది. గోల్స్ కొట్టేది కాళ్లు, ఆపేది ఫైలా? అనుకున్నా. తర్వాత బ్యాంగర్ సిటీ కథ తెలిసింది. అక్కడ నా ఒపీనియన్ కొంచెం మారింది.

బ్యాంగర్ చిన్న యూనివర్సిటీ టౌన్, జనం ఓ 15 వేలు. క్లబ్ పుట్టింది 1876లో. 1962లో వీళ్లు వెల్ష్ కప్ గెలిచి యూరప్ కప్ విన్నర్స్ కప్‌కి వెళ్లారు. ఎదురుగా ఎవరు? ఇటలీ నాపోలీ! సొంతూళ్లో బ్యాంగర్ 2-0తో గెలిచింది. నాపోలీలో 3-1తో ఓడింది. మొత్తం 3-3. అవే గోల్స్ లెక్క అప్పటికి ఇంకా రాలేదు. ఆ లెక్కే ఉంటే బ్యాంగర్ ఇంటికొచ్చేది కాదు, తర్వాతి రౌండ్‌కి వెళ్లేది. లండన్‌లో మళ్లీ ఆడించారు, 2-1తో నాపోలీ గట్టెక్కింది. 1985లో ఇదే బ్యాంగర్ అథ్లెటికో మాడ్రిడ్‌తో కూడా ఆడింది.

అలాంటి క్లబ్, 2017-18లో వేల్స్ టాప్ లీగ్‌లో రెండో స్థానంలో నిలిచి కూడా లైసెన్స్ పరీక్షలో ఫెయిలైంది. కారణం డబ్బు లెక్కలు. నేరుగా రెండో లెవెల్‌కి దించేశారు. చాలామంది ఇది అన్యాయం అనుకుని ఉంటారు. కానీ తర్వాత ఏమైంది? 2021 నవంబర్‌లో ప్లేయర్లకి జీతాలు బాకీ పడ్డాయని సంఘం క్లబ్‌ని సస్పెండ్ చేసింది. 2022 ఫిబ్రవరిలో బ్యాంగర్ సిటీ సీజన్ మధ్యలోనే కమ్రి నార్త్ నుంచి తప్పుకుంది. అంటే 2018లో మోగింది ఉత్త అలారం కాదన్నమాట. సిస్టమ్ ఎర్రర్ చూపిస్తూనే ఉంది, సరిచేయాల్సినవాళ్లు సరిచేయలేదు.

మనకి ఇది కొత్త కాదు. హైదరాబాద్ ఎఫ్‌సీ 2021-22లో ఐఎస్‌ఎల్ కప్పు గెలిచింది. తర్వాత జీతాల గొడవలు, ఆఖరికి టీమ్ ఢిల్లీకి వెళ్లిపోయింది. ఆ పసుపు జెర్సీ కొనుక్కున్న ఫ్యాన్ ఇప్పుడు ఎవరిని సపోర్ట్ చేయాలి?

బ్యాంగర్ ఫ్యాన్స్ ఆ ప్రశ్నకి ఇంకో రకంగా ఆన్సర్ చెప్పారు. పాత క్లబ్ ఇంకా నడుస్తుండగానే, 2019లో బయటికొచ్చి సొంతంగా క్లబ్ పెట్టుకున్నారు. పేరు బ్యాంగర్ 1876. పాత క్లబ్ పుట్టిన సంవత్సరాన్నే పేరులో పెట్టేసుకున్నారు. ఒక పెద్ద ఓనర్ అంటూ లేడు, సపోర్టర్లే ఓనర్లు. కొత్త క్లబ్ కదా, ఎంత చరిత్ర ఉందని చెప్పినా డైరెక్ట్ ఎంట్రీ ఇవ్వరు. లోకల్ లీగ్ నుంచి ఒక్కో మెట్టు ఎక్కుతూ వచ్చి 2023-24కి కమ్రి నార్త్‌లో అడుగుపెట్టారు. పాత బ్యాంగర్ మధ్యలో వదిలేసి వెళ్లిన లీగ్ అదే!

సో, లైసెన్స్ ఉండాలా వద్దా అంటే నేను ఉండాలనే అంటా. జీతం రాని ప్లేయర్‌కి కప్పుతో అద్దె కట్టడం కుదరదు. కానీ హోలీవెల్ లాంటి ఊళ్ల విషయంలో మాత్రం నాకు ఒప్పుకోబుద్ధి కాదు. జీతాలు ఎగ్గొట్టడం వేరు, గ్రౌండ్‌కి ఇంకో స్టాండ్ కట్టుకోలేకపోవడం వేరు. రెండిటికీ ఒకటే శిక్షా? గడువిచ్చి, డబ్బు సాయం చేసి పైకి పంపే దారి ఉండాలి కదా.

2026-27 నుంచి పై లీగ్‌ని 12 టీమ్‌ల నుంచి 16కి పెంచుతున్నట్టు సంఘం ప్రకటించింది. అంటే పైన సీట్లు పెరుగుతున్నాయి, కింద నుంచి ఎక్కేవాళ్లకి చాన్స్ ఎక్కువ. కాబట్టి కమ్రి నార్త్ టేబుల్ చూసేటప్పుడు పాయింట్ల కాలమ్ ఒక్కటే చూసి ఆగకండి. ఏప్రిల్‌లో లైసెన్స్ లిస్ట్ వస్తుంది, దాన్నీ పక్కన పెట్టుకుని చూడండి. ఫస్ట్ ప్లేస్‌లో ఉన్న పేరు ఆ లిస్ట్‌లో ఉందో లేదో వెతకండి.