మీకు తెలుసా? పదవి వదిలి పోటీకి దిగిన ప్రధాన న్యాయమూర్తి

• ఒకప్పుడు మన ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్లారి జిల్లాలో ఉండేవి. ఎమ్మిగనూరూ ఆదోని తాలూకాలోదే. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక ఇవి కర్నూలు జిల్లాలో కలిశాయి. కర్నూలు రాజధాని అయింది, హైకోర్టు 1954లో గుంటూరులో మొదలైంది. దాని తొలి ప్రధాన న్యాయమూర్తి రాజమండ్రిలో పుట్టిన కోకా సుబ్బారావు.

• ఆ సుబ్బారావే 1966 జూన్ 30న భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. ఆ పీఠమెక్కిన తొలి తెలుగువాడు. తెలుగువాళ్లకు మళ్లీ ఆ గౌరవం దక్కింది 2021లో, ఎన్.వి. రమణతో.

• రిటైర్మెంట్‌కు ఇంకా మూడు నెలలుండగానే, 1967 ఏప్రిల్ 11న ఆయన రాజీనామా చేశారు. ప్రతిపక్షాల అభ్యర్థిగా రాష్ట్రపతి ఎన్నికలో నిలబడ్డారు. జాకిర్ హుసేన్‌కు 4,71,244 ఓట్ల విలువ వస్తే ఈయనకు 3,63,971 వచ్చింది. ఓడినా అది చిన్న పోటీ కాదు. జడ్జి రాజకీయాల్లోకి రావడమేమిటని అప్పట్లో విమర్శలు వచ్చాయి. కుర్చీ దిగాకే బరిలోకి వచ్చారు కాబట్టి నాకు ఆయన పద్ధతి సరైనదిగానే కనిపిస్తుంది. చైనాలో కోర్టుకూ రాజకీయాలకూ మధ్య ఇలాంటి గీతే లేదు. హునాన్ రాష్ట్ర పార్టీ కార్యదర్శిగా ఉన్న ఝౌ చియాంగ్ 2013లో నేరుగా అక్కడి సుప్రీం కోర్టు అధ్యక్షుడయ్యారు.

• సుబ్బారావు తర్వాత భారత ప్రధాన న్యాయమూర్తి అయిన కె.ఎన్. వాంఛూ మనకు కొత్తవారు కాదు. ఆంధ్ర రాష్ట్ర ఏర్పాటుకు కావలసిన ఏర్పాట్లపై 1953లో నివేదిక ఇచ్చింది ఆయనే. ప్రాథమిక హక్కులను పార్లమెంటు తగ్గించడానికి వీల్లేదని 1967లో గోలక్‌నాథ్ కేసులో సుబ్బారావు తీర్పు చెప్పినప్పుడు, 6–5తో తేలిన ఆ కేసులో వాంఛూ ఎదుటి పక్షాన నిలిచారు.

• ఎన్నిక కన్నా, గోలక్‌నాథ్ కన్నా గొప్పదని నాకు తోచేది మరొకటుంది. ఖరక్ సింగ్ అనే వ్యక్తి ఇంటికి పోలీసులు అర్ధరాత్రి వెళ్లి తలుపు కొట్టేవారు. 1962లో ఆ కేసు విన్న ఆరుగురు జడ్జీల్లో ఎక్కువమంది ఆ రాత్రి తనిఖీలను కొట్టేశారు గానీ, గోప్యత రాజ్యాంగం ఇచ్చిన హక్కు కాదన్నారు. అది వ్యక్తి స్వేచ్ఛలో భాగమేనని సుబ్బారావు వేరుగా రాశారు. ఆయన 1976లో కన్నుమూశారు. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది జడ్జీలు ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కేనని తేల్చారు.